చారిత్రకాపరాధపరిశోధక నవల : కర్తల జీవితములు, విద్యామూలములు

అపరాధపరిశోధక నవలను పండితులు సామాన్యముగా సాహిత్యచర్చకు వెలుపలనే నిలుపుదురు. రైలుప్రయాణమున చదివి విడిచిపెట్టదగిన వినోదగ్రంథమని దానికి పేరు. చారిత్రక నవలకు అట్టి నింద లేదు. శాసనములు, కైఫీయతులు, విదేశయాత్రికుల వ్రాతలు దానికి ఆధారములగుటచే పండితమండలిలో దానికొక పీట దొరకినది. ఈ రెండు జాతులును కలిసి పుట్టిన మూడవ జాతి యొకటి గలదు. గతకాలమున జరిగినట్లు కల్పింపబడిన నేరమును ఆ కాలపు మనుష్యుడే, ఆ కాలపు జ్ఞానముతోను సాధనములతోను శోధించి, సత్యమును తేల్చు కథ ఇది. దీనిని చారిత్రకాపరాధపరిశోధక నవల యనవచ్చును.

ఈ జాతిని పెంచినవారి జీవితములను పరిశీలించినచో ఒక విశేషము కనబడును. వీరిలో పలువురు వృత్తిచే నవలాకారులు కారు. ఒకరు సంస్కృత చీనాభాషా పండితుడైన రాయబారి. ఒకరు మందుల దుకాణమున పనిచేసిన గ్రామీణస్త్రీ. ఒకరు మధ్యయుగ తత్త్వశాస్త్రమున పట్టము పొందిన ఆచార్యుడు. ఒకరు న్యాయవాదవృత్తిని వదలిన వంగకవి. వీరి విద్య వీరి కథలలో ఎట్లు పరిణమించినది, చరిత్రకు వీరు తీర్చిన ఋణమెంత, తీర్పనిదెంత అనునదియే ఇచటి విచారణ.

1. ఆరంభదశ

ఈ జాతికి తొలిమెట్టుగా చెప్పదగినవి అమెరికాలో వెస్ట్ వర్జీనియాకు చెందిన న్యాయవాది మెల్విల్ డేవిసన్ పోస్ట్ వ్రాసిన 'అంకుల్ ఆబ్నర్' కథలు. ఇవి 1911 నుండి వెలువడి 1918లో సంపుటముగా వచ్చినవి. తన కాలమునకు చాల వెనుకటి కొండసీమల జీవితమును, న్యాయస్థానము దూరమైనచోట న్యాయమెట్లు నిలుచునను ప్రశ్నను ఆయన కథావస్తువుగా గ్రహించెను. 1946లో లిలియన్ డి లా టోర్ నిఘంటుకారుడైన డాక్టర్ జాన్సన్‌నే పరిశోధకునిగను, బాస్వెల్‌ను కథకునిగను నిలిపి ఒక కథాసంపుటమును ప్రకటించెను.

నవలారూపమున ఈ మార్గమును విస్తృతపాఠకలోకమునకు చూపినది అగథా క్రిస్టీ. 1944లో వెలువడిన 'డెత్ కమ్స్ యాజ్ ది ఎండ్' క్రీస్తుకు పూర్వము సుమారు 2000 ఏండ్లనాటి ఈజిప్టు కుటుంబకథ. ఆమె భర్త మాక్స్ మాలొవాన్ పురావస్తుశాస్త్రజ్ఞుడు. ఇరాకు, సిరియా త్రవ్వకములలో ఆమె ఆయనకు తోడుగా పనిచేసెను. ఈ నవలను వ్రాయుమని ప్రేరేపించినవాడు ఈజిప్టు విద్యాపండితుడు స్టీఫెన్ గ్లాన్‌విల్. కథకు బీజము హెకనఖ్త్ అను పురోహితుడు ఇంటివారికి వ్రాసిన లేఖలలో గలదు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువారి త్రవ్వకములలో 1920ల ఆరంభమున ఆ లేఖలు లభించినవి. వానిలో రాజుల విజయములు లేవు. ధాన్యపు కొలతలు, కొడుకుల సోమరితనము, ఇంటికి తెచ్చుకొన్న స్త్రీని అవమానింపవలదను హెచ్చరిక ఉన్నవి. శాసనము చెప్పని గృహకలహమును లేఖ చెప్పినది. ఆ కలహమునుండి నవలాకర్త్రి హత్యను కల్పించినది. చారిత్రకాపరాధకథకు ఇంటిలెక్కలు రాజప్రశస్తులకన్న మేలైన ఆకరములని ఈ యొక్క ఉదాహరణమే చూపుచున్నది.

2. వాన్ గూలిక్ : సంస్కృతమునుండి చీనాకు

రాబర్ట్ హాన్స్ వాన్ గూలిక్ (1910–1967) హాలండుదేశమున జుట్‌ఫెన్ పట్టణమున జన్మించెను. తండ్రి డచ్చి సైన్యమున వైద్యుడగుటచే బాల్యము నేటి ఇండొనేషియాలో గడచినది. స్వదేశమునకు మరలిన పిదప, ఉన్నతపాఠశాలలో చదువుచుండగనే, ప్రసిద్ధ భాషాశాస్త్రజ్ఞుడు ఊలెన్‌బెక్ వద్ద సంస్కృతాభ్యాసము చేసెను. 1932లో కాళిదాసు 'విక్రమోర్వశీయము'ను డచ్చిభాషలోనికి అనువదించి ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు 22 ఏండ్లు. 1935లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమున ఆయనకు డాక్టరు పట్టము తెచ్చిన గ్రంథము హయగ్రీవునిగూర్చినది. భారతదేశమున పుట్టిన హయగ్రీవోపాసన మంత్రయానముద్వారా చీనా జపానులకు ప్రాకిన తెరగు దాని విషయము.

అదే సంవత్సరమున ఆయన దౌత్యోద్యోగమున ప్రవేశించెను. టోక్యో, చుంకింగ్, వాషింగ్టన్, న్యూఢిల్లీ, బేరూత్, కౌలాలంపూర్ — ఇట్లు ముప్పదియేండ్లు బదిలీలతో గడచెను. 1943లో చుంకింగ్‌లో చీనా వనితను వివాహమాడెను. ఏడుతంతుల చీనావీణను స్వయముగా వాయించుటయేగాక, దాని శాస్త్రమునుగూర్చి 1940లో గ్రంథము ప్రకటించెను. 1951–53 నడుమ న్యూఢిల్లీలోని డచ్చి రాయబార కార్యాలయమున పనిచేసెను. చీనా జపానులలో సంస్కృతాధ్యయన చరిత్రమును, సిద్ధలిపి ప్రచారమును వివరించు ఆయన గ్రంథము 'సిద్ధం' 1956లో నాగపురమున అంతర్జాతీయ భారతీయ సంస్కృతి పరిషత్తు పక్షమున వెలువడినది. భారతీయ భాషావేత్తలకు ఆయన పరిచయము కావలసినది ముందుగా ఈ గ్రంథమువలననే. కాని లోకమునకు ఆయన పేరు తెలిసినది 'జడ్జి డీ' నవలలవలన.

ఆ నవలల పుట్టుక గమనింపదగినది. పదునెనిమిదవ శతాబ్దికి చెందిన, కర్త పేరు తెలియని చీనా నవల నొకదానిని ఆయన ఇంగ్లీషున అనువదించి 1949లో టోక్యోలో 'డీ గూంగ్ ఆన్' అను పేర ప్రకటించెను. అందలి నాయకుడు తాంగ్ యుగమున నిజముగా జీవించిన అధికారి డీ రెన్-జియె (630–700). చీనా జపాను రచయితలు పాశ్చాత్యుల అపరాధకథలలో నాసిరకపు వానిని అనుకరించుచు, తమ యింటనే శతాబ్దులుగా నున్న న్యాయాధికారికథల సంప్రదాయమును విస్మరించుచున్నారని వాన్ గూలిక్ భావించెను. తమ సామగ్రితో తామే ఎట్లు వ్రాయవచ్చునో చూపుటకై మాదిరిగా తానొక నవలను వ్రాసెను. 'ది చైనీస్ మేజ్ మర్డర్స్' అను ఆ నవల 1951లో జపానుభాషలోను, పిదప చీనాభాషలోను వెలువడి, ఇంగ్లీషున 1956లో మాత్రమే వచ్చినది. పాఠము చెప్పబోయిన పండితుడు చివరకు తానే నవలాకారుడయ్యెను. ఈ వరుసలో కడపటి నవల ఆయన మరణానంతరము 1968లో వెలువడినది.

ఆయన పాండిత్యము కథలో మూడు తీరుల పనిచేసినది. మొదటిది ఆకరము. 1211 నాటి చీనా వ్యవహారసంగ్రహము 'తాంగ్-యిన్-పి-షి'ని ఆయన అనువదించి 1956లో ప్రకటించెను. న్యాయాధికారులకు మార్గదర్శకముగా జంటజంటలుగా కూర్చిన 144 వివాదములు అందు గలవు. నవలలలోని చిక్కులు పెక్కింటికి మూలములు ఇట్టి ప్రాచీనగ్రంథములే. రెండవది నిర్మాణము. చీనా సంప్రదాయముననుసరించి న్యాయాధికారి ఒకేకాలమున మూడు వ్యవహారములను విచారించును. కాని నేరస్థుని ఆరంభమున తెలుపుట, దయ్యములచే సత్యము చెప్పించుట మొదలగు ప్రాచీనధర్మములను ఆయన విడిచెను. ఏది గ్రాహ్యము, ఏది త్యాజ్యము అను వివేకమునకు సంప్రదాయమును లోపలినుండి ఎరిగిన వాడే అర్హుడు. మూడవది అనుభవము. డీ న్యాయాధికారి ఒక మండలమునుండి మరియొక మండలమునకు బదిలీ యగుచు, ప్రతిచోటను క్రొత్త మనుష్యులను, క్రొత్త యాచారములను అర్థము చేసికొనవలసినవాడు. రాయబారి జీవితమునకు ఇంతకన్న దగ్గరి ప్రతిబింబము లేదు.

లోపమును ఆయనయే ఒప్పుకొనెను. కథలు తాంగ్ యుగమున జరిగినట్లు చెప్పబడినను, వేషభాషాచారములు ఆ తరువాతి మింగ్ యుగమునకు చెందినవి. మింగ్ కాలపు చిత్రముల ననుసరించి తానే గీసిన బొమ్మలును అట్టివే. ప్రాచీన చీనా కథకులు కూడ ఇట్లే తమ కాలపు ఆచారములను పూర్వకథలకు అంటగట్టిరనియు, తాను ఆ సంప్రదాయమునే అనుసరించితిననియు ఆయన సమాధానము. నవలల తుదిని చేర్చిన టిప్పణములలో ఆకరములను, మార్పులను ఆయన స్పష్టముగా తెల్పెను. చరిత్రను మార్చుట కన్న మార్చితినని చెప్పకుండుట పెద్దదోషమని ఈ పద్ధతి బోధించుచున్నది.

ఇచట తెలుగు సాహిత్యచరిత్రమునుండి ఒక పోలిక తట్టకమానదు. పదుమూడవ శతాబ్దికవి మూలఘటిక కేతన దండి 'దశకుమారచరితము'ను తెనిగించి అభినవదండి యనిపించుకొనెను. దొంగలు, జూదరులు, వేషధారులు, మోసములు నిండిన కథలవి. ఆ కేతనయే యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షర ననుసరించి 'విజ్ఞానేశ్వరీయము' అను ధర్మశాస్త్రగ్రంథమును రచించెను. నేరకథయు, వ్యవహారశాస్త్రమును ఒకేచేత పలుకుట వాన్ గూలిక్‌తో మొదలు కాలేదు. అతడు రెండింటిని ఒకే రచనలో కలిపెను. కేతన వేర్వేరుగా ఉంచెను. భేదమంతయు అంతియే.

3. ఎడిత్ పార్జిటర్ : పట్టములేని పాండిత్యము

వాన్ గూలిక్‌కు విశ్వవిద్యాలయములు, రాయబార కార్యాలయములు ఉండెను. 'ఎల్లిస్ పీటర్స్' అను మారుపేర ప్రసిద్ధురాలైన ఎడిత్ పార్జిటర్ (1913–1995)కు ఇవి యేవియు లేవు. ఇంగ్లండున వేల్స్ సరిహద్దునగల ష్రాప్‌షైర్ మండలమున హార్స్‌హే గ్రామమున ఆమె జన్మించెను. చదువు పాఠశాలతో ముగిసినది. పిదప డాలీ యను చిన్నపట్టణమున మందుల దుకాణములో సహాయకురాలిగా పనిచేసెను. రెండవ ప్రపంచయుద్ధమున నౌకాదళ స్త్రీవిభాగమున చేరి, తంతివార్తల యంత్రముపై పనిచేసి, 1944లో బ్రిటిష్ ఎంపైర్ పతకము పొందెను. యుద్ధానంతరము, 1947లో, చెకొస్లొవేకియాకు వెళ్లి, ఆ భాషను స్వయంకృషితో నేర్చి, నెరూదా, నెమ్త్సొవా, హ్రబాల్ మొదలగు చెక్ రచయితల గ్రంథములను ఇంగ్లీషున అనువదించెను. భారతదేశమును కూడ ఆమె ఎరుగును. 1972లో వెలువడిన 'డెత్ టు ద ల్యాండ్‌లార్డ్స్' అను ఆమె నవల దక్షిణభారతమున నడచును.

1977లో, అనగా 60వ పడిలో నుండగా, ఆమె 'ఎ మార్బిడ్ టేస్ట్ ఫర్ బోన్స్' వ్రాసెను. ష్రూస్‌బరీ మఠమువారు 1138లో వేల్స్‌నుండి వినిఫ్రెడ్ అను పుణ్యస్త్రీ అస్థులను తెచ్చుకొనిరనుట చరిత్ర. ఆ యెముకల కొరకు జరిగిన పేచీలో హత్య కల్పితము. మఠపు ఔషధవనమును పెంచు సన్యాసి కాడ్‌ఫేల్ పరిశోధకుడు. అతడు పూర్వాశ్రమమున మతయుద్ధములలో పోరాడి, సముద్రములు తిరిగి, వయస్సు మళ్లిన పిదప మఠమును చేరినవాడు. ఈ వరుసలో 1994 వరకు 20 నవలలు వెలువడినవి. కథాకాలము 1137–1145, స్టీఫెన్ రాజునకును మాడ్ రాణికిని నడుమ సింహాసనము కొరకు అంతర్యుద్ధము సాగిన కాలము.

ఆమె జీవితమునకును ఈ నవలలకును గల సంబంధము బాహ్యముగ గూడ కనబడునట్టిది. మందుల దుకాణమున తూచిన మోతాదులు కాడ్‌ఫేల్ వనమున మూలికలైనవి. ఔషధమే మోతాదు మించిన విషమను జ్ఞానముపై 1980లో వచ్చిన 'మాంక్స్‌హుడ్' నడచును. నొప్పులకు రాయు తైలములోని వత్సనాభియే అందు హత్యాసాధనము. రెండుభాషల సరిహద్దున పెరిగిన ఆమె, వెల్షువాడైన కాడ్‌ఫేల్‌ను ఇంగ్లీషు మఠమున నిలిపి, తగవులలో దుబాసి పని చేయించెను. అనువాదకురాలికి సహజమైన చూపిది.

ఈ జాతి నవలల మూలధర్మమును తెలుపు ఘట్టము 1979లో వచ్చిన 'వన్ కార్ప్స్ టూ మెనీ'లో గలదు. 1138లో స్టీఫెన్ రాజు ష్రూస్‌బరీ కోటను పట్టి రక్షకభటులను ఉరితీయించుట చరిత్రలో నున్నది. నవలలో, ఉరితీయబడినవారు 94 మంది. అంత్యక్రియలు జరుపబోయిన కాడ్‌ఫేల్ శవములను లెక్కించగా 95 తేలినవి. రాజాజ్ఞచే చచ్చినవారి నడుమ ఎవడో తాను చంపినవానిని దాచినాడు. ఇన్ని శవములలో ఒకదాని కొరకు విచారణయేల యనునది అధికారుల ప్రశ్న. ఆ యొక్కడు రాజాజ్ఞచేత గాక చాటుగా చంపబడినవాడు, వానికి న్యాయము జరుగవలెననునది కాడ్‌ఫేల్ సమాధానము. చరిత్ర సంఖ్యను చెప్పి ఊరకుండును. ఈ నవల ఆ సంఖ్యలో ఇమడని ఒక్క మనుష్యునిగూర్చి అడుగును. యుద్ధకాలమున వార్తల యంత్రము ముందు కూర్చున్న స్త్రీకి ఈ ప్రశ్న పుస్తకములనుండి మాత్రమే వచ్చినదని చెప్పరాదు.

4. ఎకో : కాలనిర్ణయమే కథానిర్మాణము

ఉంబెర్తో ఎకో (1932–2016) ఇటలీదేశీయుడు. 1954లో ట్యూరిన్ విశ్వవిద్యాలయమున తామస్ అక్వినాస్ సౌందర్యతత్త్వముపై పరిశోధనము చేసి పట్టము పొందెను. పిదప బొలోన్యాలో సంకేతశాస్త్రాచార్యుడు. ఆయన తొలినవల 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' 1980లో ఇటాలియనులో వెలువడినది. 1327లో ఒక పర్వతమఠమున వరుసగా సన్యాసులు చచ్చుట, పోయిన అరిస్టాటిల్ గ్రంథభాగ మొకటి అందుకు కారణమగుట కథ.

ఈ నవలా నిర్మాణమునుగూర్చి ఎకో 1983లో ఒక వివరణము ప్రకటించెను. ఆనవాళ్లను చదివి ఊహించు పరిశోధకుడు కావలెనన్నచో రోజర్ బేకన్ తరువాతి కాలము కావలెను. కథలో ప్రమేయముగల చెసేనా మైకేల్ 1327 డిసెంబరునకు అవిన్యోఁలో నుండుట చరిత్రసిద్ధము. కావున కథ నవంబరు చివర ముగియవలెను. ఒక శవము పందినెత్తుటి జాడీలో కనబడవలెను. పందులను కోయునది చలి ముదిరిన పిదప. నవంబరుననే అంతచలి కొండలపైననే యుండును. కావున మఠము పర్వతముపై నుండవలసి వచ్చెను. చరిత్ర కల్పనకు సంకెలగాక మెట్లుగా నుపయోగపడుట ఇంత స్పష్టముగ మరియొకచోట కనబడుట అరుదు.

5. శరదిందు : రెండు పాయలు, ఒకే చేయి

భారతీయభాషలలో ఈ విచారమునకు ముఖ్యుడు శరదిందు బంద్యోపాధ్యాయ (1899–1970). జౌన్‌పూర్‌లో జన్మించి, బీహారునందలి ముంగేరులో పెరిగి, న్యాయశాస్త్రము చదివి కొంతకాలము వకీలుగా పనిచేసెను. ఆ వృత్తిని విడిచి రచనకు పూనుకొని, 1932లో బ్యోమకేశ్ బక్షీని సృజించెను. తన్ను 'డిటెక్టివ్' అనుటకు ఇష్టపడక 'సత్యాన్వేషి' యని చెప్పుకొను పాత్ర అది. 1938లో బొంబాయి చేరి చలనచిత్రములకు కథలు వ్రాసెను. ఆ పని విడిచి పూనాలో స్థిరపడెను.

ఆయన చారిత్రక నవలలలో ఆంధ్రులకు సన్నిహితమైనది 1965 నాటి 'తుంగభద్రార్ తీరే'. రెండవ దేవరాయల కాలపు విజయనగరము రంగస్థలము. రాయలను పెండ్లాడుటకై కళింగరాజకుమార్తె నౌకలలో వచ్చుట కథారంభము. రాయలపై సోదరుడు జరిపిన హత్యాయత్నమను వృత్తాంతము పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ వ్రాతలలో గలదు. దానిని ఇంగ్లీషు చదువరులకు తెచ్చినది మద్రాసు రాజధానిలో ఉద్యోగియైన రాబర్ట్ సీవెల్ 1900లో ప్రకటించిన విజయనగర చరిత్రము. ఒక రాయబారి విన్నమాట, ఒక ఉద్యోగి చరిత్రయై, ఒక వంగకవి కల్పనయైనది. విజయనగరపు వీథులను తెలుగువాడు కాని వంగకవి నడచి చూపుట గమనింపదగినది.

ఐనను శరదిందు బ్యోమకేశుని పూర్వకాలమునకు పంపలేదు. పూర్వరాజులకు పరిశోధకుని ఈయలేదు. చారిత్రకకథలలో కుట్రలు, గూఢచారులు, విషకన్యలు గలరు. కాని సత్యాన్వేషణమే కథకు వెన్నెముక కాలేదు. రెండు పాయలు ఒకే చేతినుండి ప్రవహించియు కలియలేదు.

తరువాతి కాలమున భారతీయ వస్తువుతో ఇంగ్లీషున ఈ కలయిక జరిగినది. షాజహాను కాలపు ఢిల్లీలో ముజఫర్ జంగ్ నవలలను మధులికా లిడిల్ 2009 నుండి ప్రకటించెను. 1919 నాటి కలకత్తాపై అబీర్ ముఖర్జీ వ్రాసిన 'ఎ రైజింగ్ మ్యాన్' 2017లోను, స్వాతంత్ర్యానంతర బొంబాయిపై వసీమ్ ఖాన్ వ్రాసిన 'మిడ్‌నైట్ ఎట్ మలబార్ హౌస్' 2021లోను బ్రిటనులోని అపరాధకథారచయితల సంఘమువారి చారిత్రక నవలా పురస్కారమును పొందినవి. ఈ యిద్దరును బ్రిటనులో పెరిగినవారు. తాతల దేశమును పత్రములద్వారా తెలిసికొనవలసినవారికి శోధనము కథావస్తువగుటకు ముందే జీవితావసరమగును.

6. తెలుగున

తెలుగున ఈ రెండు పాయలును బలముగనే ప్రవహించినవి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున పాంచకడీ దేవు మొదలగు వంగరచయితల అపరాధకథలు తెనుగైనవి. పిదప కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ ఇంటింట పరిచితుడయ్యెను. మరియొకవైపు అడివి బాపిరాజుగారు (1895–1952) 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' నవలలను, నోరి నరసింహశాస్త్రిగారు 'నారాయణభట్టు', 'రుద్రమదేవి' మొదలగువానిని రచించిరి. శాస్త్రిగారు రేపల్లెలో న్యాయవాదులు. బాపిరాజుగారు న్యాయశాస్త్రము చదివిన చిత్రకారులు. సాక్ష్యమును తూచు విద్య ఇరువురికిని తెలియును. 'హిమబిందు'లోని విషకన్య పాత్ర హత్యాసాధనమే. ఐనను వీరి దృష్టి జాతివైభవమును పునర్దర్శించుటయందు నిలిచినది; అజ్ఞాతుడైన ఒక్క మృతుని కొరకు విచారించుటయందు కాదు. అది వారి లోపము కాదు. ఆ కాలమునకు కావలసినది ఆ దర్శనము.

సామగ్రికి కొదవ లేదు. మెకంజీ సేకరించిన కైఫీయతులలో గ్రామకరణములు వ్రాయించిన హద్దుతగవులు, మిరాసీపోరులు గలవు. హెకనఖ్త్ లేఖలలోవలె వానిలోను కొలతలు, కోపములు, కుటుంబద్వేషములు నిండియున్నవి. వానిని చదువగలవారు పండితులు. కథగా మలచగలవారు నవలాకారులు. వాన్ గూలిక్ జీవితము ఈ రెండు పనులును ఒక్కడు చేయవచ్చునని చూపినది. పార్జిటర్ జీవితము అందుకు పట్టము అవసరము కాదని చూపినది.

పై జీవితములనుండి తేలునది ఇది. ఈ నవలాకారులను తీర్చిదిద్దినది కేవల గ్రంథపాండిత్యము కాదు, కేవల కల్పనాశక్తియు కాదు. పరభాష నేర్చుట, పరదేశమున నివసించుట, లేదా తన యూరిని పరదేశీయుని కన్నులతో చూచుట వీరందరికి సమానము. అనువాదకుడు ప్రతిమాటను అనుమానించును. పరిశోధకుడు ప్రతిసాక్ష్యమును అనుమానించును. ఈ యనుమానము సత్యముపై గౌరవమునుండి పుట్టినది. కావుననే ఎనిమిది శతాబ్దుల క్రిందటి కల్పితశవమొకటి, లెక్కకు మించి మిగిలినప్పుడు, చదువరికి తన యింటి విషయమువలె తోచును.